వాదికి మాత్రమే గోడ లేదు

వరహాలమ్మ మొదటి వాయి ఇడ్లీ పెట్టినప్పుడు ఇటుకల లారీ వచ్చింది. పెసరట్ల పెనం వేడెక్కేసరికి గోడ నడుమెత్తు లేచింది. మార్కెట్లో మూటలు దించేసి కళాసీలు టిఫిన్‌కి బయల్దేరే వేళకి గానుగ వీధి రెండు ముక్కలైపోయింది. అటు ముక్కలో కూరగాయల మార్కెట్టు, కళాసీలు, వరహాలమ్మ ఇల్లు. ఇటు ముక్కలో వరహాలమ్మ హోటలు, దాని వెనక రైలు పట్టాలు. చుట్టూ తిరిగి రావాలంటే ఊరవతల రైల్వే గేటు దాటి రావాలి. అంత దూరం నడిస్తే తిన్న టిఫిన్ వెనక్కి వెళ్ళేలోపే అరిగిపోతుంది.

"ఏటిది బాబూ?" అని గోడ కట్టిస్తున్న కాంట్రాక్టరు బంగార్రాజుని అడిగింది వరహాలమ్మ.

"ప్రశాంత వీధి పథకం అమ్మా. రద్దీ తగ్గించడానికి."

"ఈ వీధిలో రద్దీ అంటే నా హోటలే కదయ్యా."

"అదే తగ్గుతుందమ్మా," అన్నాడు బంగార్రాజు, చాలా మర్యాదగా.

తగ్గింది. గోడ అవతల నుంచి కళాసీల నాయకుడు గవర్రాజు గొంతు మాత్రం వినిపించింది. "అక్కా, అల్లం పచ్చడి వాసనొస్తంది. అట్టు మాత్రం రావట్లేదు."

వారం తిరిగేసరికి హోటల్లో తినేవాళ్ళు ఇద్దరే మిగిలారు. వరహాలమ్మ, ఆమె మొగుడు అప్పలస్వామి. రుబ్బిన పిండి సాయంత్రానికి పులిసిపోతోంది. ఇంకో నెల ఇలాగే నడిస్తే హోటలు మూసెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా ఆమెకు తెలిసిన బతుకు ఆ పొయ్యి ఒక్కటే.

వరహాలమ్మ కోర్టుకెక్కింది.

లాయరు జోగారావు బతికేది స్థలాల కాగితాల మీద. కోర్టులో వాదించడం ఆయనకి పండగల్లాంటిది, ఏడాదికి ఒకటో రెండో. అయినా కేసు తీసుకున్నాడు, ఎందుకంటే ఆయన కూడా ఆ హోటల్లోనే తినేవాడు.

జడ్జిగారు కాగితాలన్నీ చదివారు. ఫొటోలు చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఈ గోడ చట్టవిరుద్ధం. ఇందులో నాకు రవ్వంత సందేహం లేదు," అన్నారు.

వరహాలమ్మ చేతులు జోడించింది.

"అయితే," అన్నారు జడ్జిగారు.

ప్రభుత్వ ప్లీడరు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో రాజ్యాంగానికి కొత్తగా వచ్చిన సవరణ ఉంది. దాని వెనక ఒక చరిత్ర ఉంది. అంతకు ముందు ఎవరో ఒకాయన తన ఇంటి ముందు రోడ్డు బాగులేదని కేసు వేసి గెలిచాడు. రోడ్డు వేశారు. తీరా చూస్తే కోర్టు గడప తొక్కని వాళ్ళు, లాయరు మొహం చూడని వాళ్ళు, ఊరంతా ఆ రోడ్డు మీద హాయిగా నడుస్తున్నారు. ఈ అన్యాయం చూసి ప్రభుత్వం చలించిపోయింది. వెంటనే సవరణ తెచ్చింది.

ప్లీడరు గొంతు సవరించుకుని చదివాడు. "న్యాయస్థానము మంజూరు చేయు ఉపశమనము వాదికి మాత్రమే చెందవలెను. వాది కాని ఏ వ్యక్తికిని, ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని, సదరు ఉపశమనము వలన సుఖము కలుగరాదు."

"గోడ పడగొట్టమని నేను ఉత్తర్వు ఇస్తే?" అడిగారు జడ్జిగారు.

"ఊరందరికీ సుఖం కలుగుతుంది, మహాప్రభో. రాజ్యాంగ ఉల్లంఘన."

జడ్జిగారు తీర్పు చెప్పారు. గోడ చట్టవిరుద్ధం. అందువల్ల వాది వరహాలమ్మ విషయంలో సదరు గోడ లేనట్టే. మిగతా వాళ్ళందరి విషయంలో ఉన్నట్టే. దీన్ని మునిసిపల్ కమిషనర్ తు.చ. తప్పకుండా అమలు చేయాలి.

"గెలిచామా, ఓడామా?" అని మెట్ల మీద అడిగింది వరహాలమ్మ.

"గెలిచాం," అన్నాడు జోగారావు. "ఏం గెలిచామో మాత్రం రేపు పొద్దున్న తెలుస్తుంది."

కమిషనర్ సర్వోత్తమరావుగారు నిబంధనల మనిషి. కోర్టు ఉత్తర్వుని ధిక్కరించడం ఆయన రక్తంలో లేదు. రాజ్యాంగాన్ని ధిక్కరించడం అసలే లేదు. ఆ సాయంత్రమే ఇంజనీర్లని కూర్చోబెట్టారు.

"గోడకి ఒక తలుపు పెడదాం సార్. తాళం ఆవిడకిద్దాం," అన్నాడు ఒక కుర్ర ఇంజనీరు.

"తలుపు అనేది స్వభావరీత్యా విచక్షణ లేని వస్తువు," అన్నారు కమిషనర్. "ఒకసారి తెరుచుకున్నాక ఎవరు దూరినా ఊరుకుంటుంది. తలుపుని నమ్మి రాజ్యాంగాన్ని పణంగా పెట్టలేను. వాది వచ్చినప్పుడు గోడ విప్పబడును. వాది వెళ్ళిన పిమ్మట గోడ కట్టబడును."

మర్నాడు ఒక టైలరు టేపుతో వచ్చి వరహాలమ్మ భుజాల కొలత తీసుకున్నాడు. వెనక నిలబడి మునిసిపల్ సూపర్‌వైజర్ రాసుకున్నాడు.

"పప్పు బుట్ట నెత్తి మీద పెట్టుకుంటారా, చంకలోనా?"

"నెత్తి మీదే. ఏం?"

"చంకలో అయితే వెడల్పు పెరుగుతుంది. బుట్ట వాదిలో భాగమా, వాది సామానా అన్నది పైకి రాశాం. జవాబు వచ్చేవరకు నెత్తి మీదే ఉంచండి. ఇంకో మాట. కొలతలు ఖరారయ్యాయి కాబట్టి లావెక్కకూడదు."

"కొట్టు మూతపడితే ఎక్కడ లావెక్కుతాను బాబూ?" అంది వరహాలమ్మ.

అలా మొదలైంది. పొద్దున్నే వరహాలమ్మ పప్పు బుట్ట నెత్తిన పెట్టుకుని గోడ దగ్గరికొచ్చి నిలబడేది. సూపర్‌వైజర్ ఆమె మొహాన్ని ఫొటోతో పోల్చి చూసి, "వాది వచ్చెను," అనేవాడు. తాపీ మేస్త్రీలు ఇద్దరు ఆమె వెడల్పున ఇటుకలు ఊడదీసేవారు. ఆమె దాటేది. వెంటనే మట్టి ముద్దలు పెట్టి మళ్ళీ పేర్చేసేవారు. సిమెంటు వాడితే విప్పడం కష్టమని మట్టితోనే కట్టమని ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ అదే తంతు. ఒకరోజు హోటలు చేరాక పొత్రం ఇంట్లో మర్చిపోయానని గుర్తొచ్చి ఆమె వెనక్కి తిరిగితే, పెద్ద మేస్త్రీ చేతులెత్తి దండం పెట్టాడు.

విప్పిన ప్రతిసారికీ ఒక బిల్లు, కట్టిన ప్రతిసారికీ ఇంకో బిల్లు. కాంట్రాక్టరు బంగార్రాజు ఆమె కనిపిస్తే చాలు, "బాగున్నావా అమ్మా, ఇవాళ మార్కెట్లో ఏమైనా పనుందా?" అని ఆప్యాయంగా పలకరించేవాడు.

కానీ హోటలు? హోటలు ఖాళీ. వరహాలమ్మకి గోడ లేదు, నిజమే. అట్లు తినేవాళ్ళకి ఉంది.

ఒకరోజు గవర్రాజు తెగించాడు. ఆమె దాటుతుంటే వెనకే ఒంటి పక్కగా తిరిగి దూరిపోయాడు. రెండడుగులు వేశాడో లేదో సూపర్‌వైజర్ పట్టుకున్నాడు.

"వాది కాని వ్యక్తి సుఖము పొందెను," అని అరిచాడు.

"ఇంకా అట్టు తినలేదు కదా బాబూ, సుఖమేటి?"

"దాటడమే సుఖం. పొందిన సుఖాన్ని తిరిగి జమ చెయ్యాలి." లోపల ఎంతసేపు ఉన్నాడో అంతసేపు గవర్రాజుని అవతల ఎండలో నిలబెట్టి లెక్క సరిచేశారు.

గవర్రాజు కూడా కేసు వేశాడు. కోర్టు గుమాస్తా అర్జీ తిరగేసి, "అత్యవసరమా?" అని అడిగాడు.

"ఆకలండీ."

"ఆకలి సాధారణ కేటగిరీ." వచ్చే ఏడాదికి కాదు, ఆ పై ఏడాదికి వాయిదా వేశాడు.

ఆ సాయంత్రం పులిసిన పిండి పారబోస్తూ వరహాలమ్మ, రైల్వే గేటు చుట్టి వచ్చిన తన లాయరుతో అంది, "నేను మూసేస్తాను బాబుగారూ. నాకు దారిచ్చారు. బతుకివ్వలేదు."

జోగారావు ఒళ్ళో మర్నాడు రిజిస్ట్రేషను చేయించాల్సిన స్థలం కాగితాలున్నాయి. ఆ స్థలం ఓనరు ఎవరో ఆయన ఎప్పుడూ చూడలేదు. కొనేవాడూ చూడలేదు. జీపీఏ అనే అధికారపత్రం రాయించుకున్న బావమరిది వచ్చి సంతకం పెడితే ఓనరు పెట్టినట్టే. ఈ ఊళ్ళో సగం స్థలాలు అలాగే చేతులు మారాయి. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ ఓనమాలకన్నా ముందు జీపీఏ తెలుసు.

జోగారావు ఆ కాగితాల వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. మళ్ళీ కాగితాల వైపు చూశాడు.

"అమ్మా," అన్నాడు, "మనిషి లేకుండా స్థలం అమ్మొచ్చు కదా. మనిషి లేకుండా నడవకూడదా?"

మర్నాటికి స్టాంపు కాగితం తయారైంది. *నా పనుల ఒత్తిడి కారణంగా నేను స్వయంగా గోడ దాటలేకపోతున్నందున, నా తరఫున దాటుటకు, కూర్చొనుటకు, తినుటకు, చెయ్యి కడుగుకొనుటకు గవర్రాజుకి సర్వాధికారములు ఇస్తున్నాను. అతడు చేసిన సదరు పనులు నేను చేసినట్టే భావించవలెను.*

ప్రభుత్వ ప్లీడరు పరుగున కోర్టుకొచ్చాడు. "మహాప్రభో, ఇది మోసం. మూటలు మోసే గవర్రాజు వాది ఎలా అవుతాడు?"

"మీరు ఉంటున్న ఇల్లు ఎలా కొన్నారు?" అడిగారు జడ్జిగారు.

"జీపీఏ మీదే."

"ఆ అమ్మకం చెల్లుతుందా?"

"చెల్లాలండి."

"అయితే ఈ నడక కూడా చెల్లుతుంది. గవర్రాజు దాటితే చట్టం దృష్టిలో వరహాలమ్మ దాటినట్టే. సుఖం వాదికే దక్కింది. రాజ్యాంగం క్షేమం."

"ఆవిడ ఒకేసారి రెండు వైపులకీ దాటుతుంటేనో?"

"చట్టంలో అభ్యంతరం కనిపించడం లేదు," అన్నారు జడ్జిగారు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో ఒక చిన్న కళ కనిపించింది.

ఇక చూడాలి. మార్కెట్టు మార్కెట్టంతా జీపీఏలు రాయించుకుంది. కళాసీలు, ఉల్లిపాయల దళారులు, తక్కెడలు బాగుచేసేవాడు, అందరూ జేబులో స్టాంపు కాగితం మడిచి పెట్టుకుని గోడ ముందు వరసలో నిలబడ్డారు.

"వాది వచ్చెను," అని సూపర్‌వైజర్ గుబురు మీసాల గవర్రాజుని చూసి అన్నాడు. గోడ విప్పారు. "వాది వచ్చెను," అని ఉల్లిపాయల దళారిని చూసి అన్నాడు. కట్టబోయిన ఇటుక కింద పెట్టి మళ్ళీ విప్పారు. దళారి లావుపాటి మనిషి. కొలత చాల్లేదు. వాది ఉన్నట్టుండి లావెక్కినట్టు నమోదు చేసుకుని ఇంకో వరస ఊడదీశారు.

గవర్రాజు నాలుగు పెసరట్లు తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"డబ్బులు?" అంది వరహాలమ్మ.

"డబ్బులేటక్కా? చట్టప్రకారం నేను నువ్వే. నీ హోటల్లో నువ్వు తింటే ఎవులికిస్తావు?"

"అలాగా. అయితే నేను తిన్న కంచాలు నేనే తోముకోవాలి. అదిగో, అక్కడున్నాయి. పీచు గూట్లో ఉంది."

గవర్రాజు డబ్బులు తీశాడు.

అప్పలస్వామి బాధ వేరు. "పొద్దున్నుంచీ వీధిలో ఎవరొచ్చినా నా పెళ్ళామే," అన్నాడు రోలు దగ్గర కూర్చుని. "ఒక్క పెళ్ళానికే జవాబు చెప్పుకోలేకపోయేవాణ్ణి. ఇప్పుడు మీసాలున్న పెళ్ళాలు నన్ను చట్నీ వెయ్యరా అంటున్నారు."

నెల తిరిగేసరికి మేస్త్రీల సంఖ్య పెంచినా గోడ మోకాలెత్తు దాటి పెరగడం మానేసింది. రెండు వరసలు పేర్చేలోపు ఏదో ఒక వరహాలమ్మ వచ్చేది. మొదట్లో వాళ్ళకి కావలసినంత వెడల్పే విప్పేవాళ్ళు. తర్వాత ఓపిక నశించి ఈ చివర నుంచి ఆ చివర వరకూ అలాగే వదిలేశారు. కానీ ఫైల్లో మాత్రం గోడ పూర్తి ఎత్తు ఉంది. "పునర్నిర్మాణ దశలో" అని రాసి ఉంది. బంగార్రాజు బిల్లులు కట్టలుగా వెళ్తున్నాయి.

కమిషనర్ సర్వోత్తమరావుగారు అత్యవసర సమావేశం పెట్టారు.

"ఒక టిఫిన్ హోటలు వల్ల పాలనా వ్యవస్థ మూలాలు కదిలిపోతున్నాయి," అన్నారు. "రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకరు జీపీఏతో మంచినీళ్ళు తాగుతారు. ఎల్లుండి జీపీఏతో దీపం కింద చదువుకుంటారు. ఒక్కరికి ఇచ్చిన న్యాయం అందరికీ అంటుకుంటుంది. దీన్ని మొదట్లోనే అరికట్టాలి."

ప్రభుత్వ ప్లీడరు ముందుకు వంగాడు. "ఒక మార్గం ఉంది సార్. గోడ మనమే పడగొట్టేద్దాం."

కమిషనర్‌గారు కలం కింద పెట్టారు.

"గోడ లేకపోతే వివాదం లేదు. వివాదం లేకపోతే కేసు లేదు. కోర్టుకెళ్ళి 'గోడ లేదు, కేసు నిష్ప్రయోజనం' అని చెప్తాం. కేసు కొట్టేస్తారు. కేసుతో పాటు ఉత్తర్వు పోతుంది. ఉత్తర్వుతో పాటు జీపీఏలు చచ్చు కాగితాలవుతాయి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కొత్త గోడ కట్టుకుందాం సార్. ఈసారి సిమెంటుతో."

కమిషనర్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. "బుధవారం మధ్యాహ్నం, హోటలు కట్టేశాక, సదరు గోడ నిర్మూలించబడును," అన్నారు.

బుధవారం పొద్దున్నే బంగార్రాజు చెమటలు కక్కుతూ హోటల్లోకొచ్చి పడ్డాడు. వరహాలమ్మ చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"అమ్మా, మనకి ద్రోహం జరుగుతోంది. మన గోడని తీసేస్తున్నారు."

"తీసెయ్యనీ. అదే కదా నేనడిగింది."

"వెర్రితల్లీ, పూర్తిగా విను. ముందు గోడ తీస్తారు. తర్వాత నీ కేసు తీస్తారు. పై సోమవారం సిమెంటు గోడ లేస్తుంది. దానికి టెండరు వేరేవాడికిచ్చారు. ఈ గోడ పోతే నువ్వూ పోతావు, నేనూ పోతాను."

వరహాలమ్మ పెనం దించేసింది. పొయ్యిలో నీళ్ళు పోసింది. "బాబుగారూ, లేవండి," అంది జోగారావుతో. ఆయన నోట్లో అట్టు ముక్క ఇంకా ఉంది.

కోర్టు తలుపులు తీసేసరికి వాళ్ళు గుమ్మంలో ఉన్నారు. జడ్జిగారు ఆమెని గుర్తుపట్టారు.

"ఏం కావాలమ్మా ఈసారి?"

"ఆ గోడ పడగొట్టకుండా ఆపాలి బాబూ."

"మీరు పడగొట్టమన్న గోడేనా?"

"అదే బాబూ. అది చెడ్డ గోడే. కానీ నా కేసు దాని మీదే నిలబడి ఉంది."

జోగారావు పండగ నాటి వాదన వాదించాడు. ప్రభుత్వ ప్లీడరు లేచి, గోడ కట్టే హక్కు ఉన్నవాడికి పడగొట్టే హక్కు ఉండదా అన్నాడు. ఇంకా మాట్లాడదామనుకున్నాడు, కానీ జడ్జిగారు చెయ్యెత్తారు.

"కొత్త గోడకి టెండరు పిలిచారా?"

ప్లీడరు బల్ల మీదున్న కాగితాలు సర్దాడు. "పిలవలేదని చెప్పలేనండి."

ఉత్తర్వు వచ్చింది. సదరు గోడ ఈ క్షణాన ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తులోనే ఉండాలి. ఒక ఇటుక పెట్టరాదు, ఒక ఇటుక తీయరాదు.

"మహాప్రభో," అన్నాడు ప్లీడరు, చివరి ఆశతో. "ఈ రక్షణ కూడా వాదికి మాత్రమే వర్తించాలి. మిగతా వాళ్ళ విషయంలో మేం గోడ ఎత్తు పెంచుకోవచ్చు కదా."

"పెంచుకోండి," అన్నారు జడ్జిగారు. "వాదికి మోకాలి వరకు, మిగతా వాళ్ళకి తల వరకు వచ్చే గోడ ఒకటి మీ ఇంజనీర్లు కట్టగలిగితే, నాకు అభ్యంతరం లేదు."

ఇంజనీర్లు మూడు రోజులు ప్రయత్నించారు. కుర్ర ఇంజనీరు బొమ్మ కూడా గీశాడు. తర్వాత సెలవు పెట్టాడు.

కోర్టు మనుషులు వచ్చి గోడ కొలిచి, చుట్టూ సున్నం గీత గీశారు. కాపలాకి కానిస్టేబుల్ సూరిబాబుని వేశారు. ఇటుక కదలకుండా చూడటం, జీపీఏ లేనివాళ్ళు దాటకుండా చూడటం ఆయన డ్యూటీ.

ఒక శుక్రవారం పొద్దున్న కమిషనర్ సర్వోత్తమరావుగారు స్వయంగా తనిఖీకి వచ్చారు. మార్కెట్టు వైపు కారు దిగి, గోడ దగ్గరికి నడిచి, అవతలికి చూశారు. ఆయన ఇంట్లో డాక్టరు సలహా మీద ఓట్సు తింటారు. అవతల వరహాలమ్మ ఉల్లిపాయ ముక్కలు చల్లిన పెసరట్టుని తిరగేసింది. గోడ మీదుగా ఆవిరి కమిషనర్‌గారి దాకా వచ్చింది.

ఆయన మోకాలెత్తు గోడ మీదుగా ఒక కాలు ఎత్తారు.

"సార్," అన్నాడు సూరిబాబు నెమ్మదిగా. "జీపీఏ?"

కాలు గాల్లోనే ఆగింది. ఉత్తర్వు అమలు చేయమని సంతకం పెట్టింది తనే. కాలు వెనక్కి తీసుకున్నారు.

"వరహాలమ్మగారూ," అన్నారు, గొంతు తగ్గించి. "నాకూ ఒక జీపీఏ ఇప్పించగలరా?"

జోగారావు గ్లాసు కింద పెట్టి గబుక్కున లేచాడు. "ఇవ్వొద్దమ్మా. కమిషనరు నువ్వైపోతే, కేసు వేసినదీ నువ్వే, వేయించుకున్నదీ నువ్వే. వాది ప్రతివాది ఒక్కటైతే కేసు ఆ క్షణమే పోతుంది."

కమిషనర్‌గారు పాపం ఆ ఆలోచనే చేయలేదు. ఆయనకి నిజంగానే ఆకలేసింది. ఆ సంగతి మొహంలో కనిపించింది. వరహాలమ్మ ఆ మొహం చూసింది. ఆకలి మొహం ఆమెకి తెలియంది కాదు.

"కాగితం ఇవ్వలేను బాబూ," అంది. "సూరిబాబూ, ఆ ఉత్తర్వులో గోడ దాటకూడదని ఉందా, గోడ మీద కూర్చోకూడదని ఉందా?"

సూరిబాబు జేబులోంచి నకలు తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "దాటకూడదనే ఉందమ్మా. కూర్చునే ఊసు లేదు."

"అయితే కూర్చోండి బాబూ. కాళ్ళు అటే ఉంచుకోండి."

సర్వోత్తమరావుగారు జేబురుమాలుతో ఇటుకలు దులిపి, కాళ్ళు ప్రభుత్వం వైపు పెట్టుకుని, నడుము మాత్రం హోటలు వైపు తిప్పి కూర్చున్నారు. అప్పలస్వామి కంచం అందించాడు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకున్నారు. రెండోది పెట్టుకున్నాక వెనకాలే ఫైలు పట్టుకుని నిలబడ్డ సూపర్‌వైజర్ అడిగాడు.

"తనిఖీ రిపోర్టులో ఏమని రాయమంటారు సార్?"

"గోడ దృఢంగా ఉంది అని రాయి."

"తమరు దేని ఆధారంగా నిర్ధారించారని అడుగుతారు సార్."

"కూర్చుని చూశానని రాయి. రోజూ చూడాల్సి ఉంటుందని కూడా రాయి."

కూరలు కొనడానికొచ్చిన, జీపీఏ లేని వాళ్ళు మార్కెట్టు వైపు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి, కాళ్ళు అటే ఉంచి, కమిషనర్‌గారి పక్కన గోడ పొడుగునా కూర్చున్నారు. హోటలు వైపు సున్నం గీత మీద ఒక్కరూ కాలు పెట్టలేదు.

సూరిబాబు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి అందరినీ పరిశీలించాడు. ఒక్క ఇటుకా కదల్లేదు. ఒక్కరూ దాటలేదు. ఆయన లాఠీ గోడకి ఆనించి, చివర మిగిలిన జాగాలో సర్దుకుని కూర్చున్నాడు.

"డ్యూటీలో ఉన్నావు కదయ్యా," అంది వరహాలమ్మ.

"డ్యూటీయే అమ్మా. గోడని అంటిపెట్టుకునుండమన్నారు. ఇంతకన్నా ఎలా అంటిపెట్టుకోను? ఉల్లిపాయ ఎక్కువెయ్యండి."

వరహాలమ్మ పెనం మీద నీళ్ళు చల్లింది.